‘సురోగట్’ చూపిస్తే వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

యానిమేషన్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు నేను తప్పకుండా చూపించే కార్టూన్ ‘సురోగట్’. 1961లో, అప్పటి యుగోస్లావియాలోని జాగ్రెబ్ ఫిల్మ్ స్టూడియోలో దుషాన్ వుకోతిచ్ తీశాడు. నిడివి పది నిమిషాలకు అటూ ఇటూ. ఒక బొద్దు మనిషి బీచ్‌కి వస్తాడు. చిన్న చిన్న రంగు ముక్కల్లో గాలి నింపి తనకు కావలసిన సామానంతా తయారు చేసుకుంటాడు. ఆఖరికి తోడుగా ఒక అమ్మాయిని కూడా!

అపోహ: బొమ్మలు తక్కువ గీశారంటే పని ఎగ్గొట్టినట్టే.

ఎక్కువగా వినేది ఇదే, నాకు బాధ కలిగించేదీ ఇదే. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీస్తే పది నిమిషాలకు 14,400 కావాలి. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు ఉంచినా 7,200. అంత ఖర్చు పెట్టే స్తోమత జాగ్రెబ్ వాళ్లకు లేదు. అందుకే కదలికలు తగ్గించారు. అయితే ఎక్కడ తగ్గించాలో తేల్చుకోవడమే ఇందులో కష్టమైన పని. ఒక పోజు నుంచి ఇంకో పోజుకు కదలికను నింపే మధ్య బొమ్మలు బోలెడు ఉంటే బలహీనమైన పోజు వాటి చాటున దాక్కుంటుంది. అవి లేనప్పుడు ప్రతి పోజూ చూడగానే అర్థం కావాలి, ఎన్ని ఫ్రేములు ఆగాలో కచ్చితంగా లెక్క కుదరాలి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రెండు పోజుల మధ్యను దానంతట అదే నింపేస్తోంది. దాంతో మా కుర్రాళ్లకు బొమ్మను ఆపడమంటేనే టెన్షన్. ‘సురోగట్’ను ఒకసారి మామూలుగా, రెండోసారి సౌండ్ తీసేసి, మూడోసారి ఫ్రేము ఫ్రేముగా చూడమంటాను. తొమిస్లావ్ సిమోవిచ్ సంగీతం ఎంత బరువు మోస్తోందో రెండోసారికి తెలిసిపోతుంది.

అపోహ: సరిగ్గా గీయడం రాకే మనుషుల్నీ వస్తువుల్నీ త్రిభుజాలతో సరిపెట్టారు.

వుకోతిచ్ యానిమేషన్‌లోకి రాకముందు వ్యంగ్య పత్రికకు కార్టూన్లు గీసినవాడు. గీయడం చేతకాక కాదు. ఈ కథాలోకంలో వస్తువులన్నీ గాలి నింపితే వచ్చినవే. వాటికి నీడలు, కండలు, ముడతలు పెట్టి నిజంలా చూపిస్తే కథే చెడిపోతుంది. చివర్లో ఆ మనిషికి మేకు గుచ్చుకుని, ఆయన ఒంట్లోనూ ఉన్నది గాలేనని బయటపడే చోటు పండిందంటే, మొదటి నుంచీ ఆయన్నూ ఆ ముక్కల్లాగే గీయడం వల్లే.

అపోహ: ఆ రోజుల్లో గొప్ప కార్టూన్లంటే హాలీవుడ్‌వే.

1962 వేడుకలో కార్టూన్ షార్ట్ ఆస్కార్ ‘సురోగట్’కే దక్కింది. ఆ విభాగంలో అమెరికా బయట తయారై గెలిచిన మొదటి చిత్రం ఇదే.

అపోహ: పాత కార్టూనే కదా, చంటిపిల్లలకు పెట్టేయొచ్చు.

వద్దు. ఇందులో మోహం ఉంది, ఈర్ష్య ఉంది, తనకు దక్కనిదాన్ని నాశనం చేసే కసి ఉంది. కాస్త ఎదిగిన పిల్లలతో కూర్చుని చూడండి. మాటలు లేవు కాబట్టి సబ్‌టైటిల్స్ అవసరం పడదు, మధ్యమధ్యలో ఆపి మాట్లాడుకోవచ్చు.