పగలగొట్టిన కణాలతో ఏం పని?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ అత్త ల్యాబ్‌కి డ్రై ఐస్ పెట్టెలో వచ్చిన చిన్న ట్యూబు ఫొటో చూసి "ఇందులో ఏముంది, దీనికింత హడావిడి ఎందుకు" అని అడిగారు కదా. అందులో ఉన్నది లైసేట్, అంటే కణాలను పగలగొట్టి తీసిన ద్రవం. దాని మీద రాసి ఉన్న ఎల్మో-1 అనేది ఒక ప్రోటీన్ పేరు.

ముందు ఆ ప్రోటీన్ సంగతి చెబుతాను. మన ఒంట్లో కణాలు చాలావరకు ఉన్నచోటే ఉంటాయి, కొన్ని మాత్రం తిరుగుతాయి. మోకాలు గీసుకుపోతే తెల్ల రక్తకణాలు అక్కడికి పాకుతూ వస్తాయి, నిమిషానికి 10 మైక్రోమీటర్ల దరిదాపుల్లో. పాకాలంటే కణం ముందువైపు పొర సాగాలి. లోపల యాక్టిన్ అనే ప్రోటీన్ పోగులు పెరుగుతూ ఆ పొరను నెడతాయి. వాటిని పెరగమని చెప్పే స్విచ్ పేరు రాక్. ఆ స్విచ్ వేసేది డాక్-180 అనే ఇంకో ప్రోటీన్. దాని పక్కన ఉండి ఆ పని సరిగ్గా జరిగేలా చూసేది మన ఎల్మో-1.

దీని ఆచూకీ దొరికింది మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో. సీ. ఎలిగాన్స్ అంటారు దాన్ని. అది ఎదిగేటప్పుడు బీజకణాలు కాక 1090 కణాలు పుడతాయి, వాటిలో 131 చచ్చిపోతాయి. చచ్చినవాటిని పక్క కణాలు మింగేస్తాయి. సెడ్-12 అనే జన్యువు పాడైన పురుగుల్లో మాత్రం చాలా శవాలు అలాగే మిగిలిపోతాయి. ఇంకో చిత్రం, బీజకోశం కొసన నడవాల్సిన కణం కూడా వాటిలో దారి తప్పుతుంది. మింగడానికీ నడవడానికీ ఒకటే యంత్రాంగమన్నమాట! రెంటికీ పొర సాగాల్సిందే కదా. ఈ సెడ్-12కి మనిషిలో సాటి వచ్చేదే ఎల్మో-1 అని 2001లో తేల్చారు.

ఇక ట్యూబు. ఇలాంటి లైసేట్లకు ఎక్కువగా వాడేది హెక్-293టీ కణాలు. వీటి మూలం 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఒక పిండపు మూత్రపిండం నుంచి పెంచిన కణాలు. ఫ్రాంక్ గ్రాహం చేసిన 293వ ప్రయోగంలో నిలిచాయి కాబట్టి ఆ అంకె. వాటిలోకి ఎల్మో-1 జన్యువున్న డీఎన్ఏను ఎక్కిస్తే రెండు రోజుల్లో ఆ ప్రోటీన్‌ను బోలెడంత తయారుచేస్తాయి. తర్వాత వాటి మీద డిటర్జెంట్ కలిపిన ద్రవం పోస్తారు. కణం పొర కొవ్వే కాబట్టి, గిన్నె జిడ్డు సబ్బుకు విడిపోయినట్టు విడిపోతుంది. అంతా ఐసు మీదే చేయాలి. ఎందుకంటే పొర పగలగానే కణంలోని ఎంజైములు బయటపడి ప్రోటీన్లను ముక్కలు చేయడం మొదలుపెడతాయి. వాటిని ఆపే మందు కూడా కలుపుతారు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే చెత్త అడుక్కి చేరుతుంది. పైన తేటగా మిగిలేదే లైసేట్.

దీన్ని వాడేది వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్షలో. ప్రోటీన్లను జెల్‌లో కరెంటుతో పరిగెత్తిస్తే చిన్నవి ముందు, పెద్దవి వెనక అవుతాయి. వాటిని ఒక పల్చటి పొర మీదకు ఎక్కించి, ఎల్మో-1ని మాత్రమే పట్టుకోవాల్సిన యాంటీబాడీ వేస్తారు. సుమారు 84 కిలోడాల్టన్ల దగ్గర (ప్రోటీన్ల బరువును ఆ కొలతలో చెబుతారు) గీత కనబడాలి. కనబడలేదనుకోండి. మన కణాల్లో ఆ ప్రోటీన్ లేదా, లేక యాంటీబాడీయే పనిచేయలేదా? ఆ టెన్షన్ తీర్చడానికే ఈ ట్యూబు. దీనిలో ఎల్మో-1 ఖాయంగా ఉంది కాబట్టి పక్క వరుసలో దీన్నీ నడుపుతారు. ఇక్కడ గీత వచ్చి, మన దాంట్లో రాకపోతే, అప్పుడు లేదనో, కనబడనంత తక్కువనో అనొచ్చు. యాంటీబాడీలు తప్పు ప్రోటీన్‌ను పట్టుకోవడం కూడా మామూలే. అందుకే ఎల్మో జన్యువు లేని ఖాళీ డీఎన్ఏ ఎక్కించిన కణాల లైసేట్ ఇంకొకటి పక్కన ఉండాలి. ఈ రెండూ లేకుండా చూపించే బ్లాట్‌ను నేనైతే నమ్మను.

పగిలిన కణం ఎలాగూ నడవదు. నడక చూడాలంటే బతికున్న కణాలే కావాలి. పళ్లెం నిండా పరుచుకున్న కణాల మధ్య పిపెట్ మొనతో గీత గీసి, ఆ ఖాళీని అవి ఎంతసేపట్లో పూడుస్తాయో ఫొటోలు తీస్తారు. ఎల్మో-1ని తగ్గించిన కణాలు నెమ్మదిగా పూడ్చాయంటే, నిజంగానే అది తగ్గిందా అని మళ్లీ అడగాలి. అప్పుడు ఆ కణాలనే పగలగొట్టి, ఈ ట్యూబు పక్కన పెట్టి చూస్తారు.

ఇట్లు,
మీ తాతయ్య