స్టేజీ మీద ఒలింపిక్స్ కబుర్లు: ఒక డ్రిల్ సార్ రాసుకున్న అపోహలు - వాస్తవాలు

ఆగస్టు 29 వస్తుందంటే నాకు కొంచెం గుబులే. ధ్యాన్‌చంద్ గారి పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం కదా, స్కూలుకి వచ్చిన ముఖ్య అతిథి మైకు పట్టుకుని "పూర్వం గ్రీకులు డబ్బు కోసం ఆడలేదు పిల్లలూ" అని మొదలుపెడతారు, నేనేమో పొద్దున్నుంచీ గ్రౌండులో సున్నం గీతలు వేసిన చేతులతో వెనక కుర్చీలో కూర్చుని తలూపుతా ఉంటా. అక్కడ ఎదురు చెప్పలేం. అందుకే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: పాత ఒలింపిక్స్ ఒలింపస్ కొండ మీద జరిగేవి.

కాదండీ. ఒలింపస్ కొండ గ్రీసుకి ఉత్తరాన ఉంది, ఆటలు జరిగింది దక్షిణాన పెలొపొనీస్‌లో ఒలింపియా అనే చోట, రెండు నదులు కలిసే దగ్గర, గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్ గుడి పక్కన. క్రీ.పూ. 776 నుంచి వాళ్ళు లెక్క రాసుకున్నారు, మొదట్లో ఉన్నది ఒకటే పరుగు, సుమారు 192 మీటర్లు, ఆ లెక్కలో మొదటి పేరు కొరోయిబోస్ అనే వంటవాడిది. మా మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మలకి ఈ ముక్క చెప్తే తెగ సంబరపడిపోయారు.

అపోహ: కాగడా పరుగు, మారథాన్ అప్పట్నుంచీ వస్తున్నవే.

రెండూ కొత్తవే. ఒలింపియాలో జ్యోతి వెలిగించి చేతులు మారుస్తూ ఆటలు జరిగే ఊరిదాకా మోసుకెళ్ళడం 1936లో, హిట్లర్ కాలంలో బెర్లిన్ ఆటలకి మొదలైంది, కార్ల్ డీమ్ అనే నిర్వాహకుడు పెట్టించాడు. ఇక మారథాన్ సంగతికొస్తే, పాత ఒలింపిక్స్‌లో అన్నిటికన్నా పెద్ద పరుగు కూడా 5 కిలోమీటర్లు దాటేది కాదు. మిషెల్ బ్రెయాల్ అనే ఫ్రెంచి పండితుడు అడిగితే 1896లో ఏథెన్స్ ఆటల్లో మారథాన్ చేర్చారు, ఆ ఊరి దగ్గర నీళ్ళు మోసుకుని బతికే స్పిరిడాన్ లూయిస్ గెలిచాడు. ఆ 42.195 అనే వింత అంకె కూడా 1908 లండన్ ఆటల దారి కొలతే.

అపోహ: అప్పట్లో డబ్బు లేదు, ఆలివ్ కొమ్మ దండ ఒక్కటే.

ఇదే నాకు బాగా మండే అపోహ. ఒలింపియాలో ఇచ్చింది దండే, నిజమే, కానీ ఆ దండేసుకుని సొంతూరికి వెళ్తే ఏమయ్యేదో ఎవరూ చెప్పరు. ఏథెన్స్‌లో ఒలింపిక్ విజేతకి 500 డ్రాక్మాలు (అప్పటి వెండి నాణేలు) ఇవ్వాలని సోలోన్ చట్టం చేశాడని ప్లుటార్క్ రాశాడు, దాని పైన ఊరి ఖర్చుతో జీవితాంతం భోజనం. ఏథెన్స్ వాళ్ళ సొంత పండగ ఆటల్లో అయితే పరుగు పందెం గెలిచినవాడికి 100 జాడీల ఆలివ్ నూనె ఇచ్చేవాళ్ళు, ఒక్కో జాడీలో ముప్పై లీటర్ల పైనే, అంత నూనె ఇంట్లో ఎవరు తాగుతారు, అమ్ముకోడానికే కదా. అసలు అథ్లెట్ అనే మాట పుట్టిందే బహుమతి అనే అర్థమున్న గ్రీకు మాటలోంచి! డబ్బుకి ఆడకూడదన్న ఈ ఉత్తుత్తి పవిత్రతని నమ్ముకునే 1912 ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన జిమ్ థోర్ప్ దగ్గర, అంతకు ముందు ఎప్పుడో చిల్లర డబ్బులకి బేస్‌బాల్ ఆడాడని, మరుసటేడు పతకాలు లాగేసుకున్నారు. తిరిగిచ్చేసరికి ఆయన పోయి ముప్పై ఏళ్ళు.

"గెలుపు కాదు, పాల్గొనడం ముఖ్యం" అన్నదీ గ్రీకుల మాట కాదు, 1908లో ఒక బిషప్ లండన్‌లో చెప్పిన మాటని, ఈ కాలపు ఒలింపిక్స్ మొదలుపెట్టించిన కూబెర్టిన్ పట్టుకుని ప్రచారం చేశాడు. ఒలింపియాలో రెండో స్థానం లేదు, మూడోది అసలే లేదు. ఓడినవాళ్ళు ఎవరి కంటా పడకుండా సందుల్లోంచి ఇంటికి చేరేవాళ్ళని పిండార్ కవి పాడాడు. జిల్లా మీట్ నుంచి తిరిగొచ్చే బస్సులో మా పిల్లల మొహాలు చూస్తే ఆయన చెప్పింది అర్థమవుతుంది.

మోసాలూ ఉండేవి. క్రీ.పూ. 388లో యూపోలోస్ అనే బాక్సర్ ఎదుటి వాళ్ళకి లంచం ఇచ్చి దొరికిపోయాడు, ఆ జరిమానా డబ్బుతో జ్యూస్ విగ్రహాలు చేయించి, ఆటగాళ్ళు స్టేడియంలోకి వెళ్ళే దారి పక్కనే నిలబెట్టారు. ఇలాంటివి మన స్టేట్ మీట్లలోనూ పెట్టాలి, వయసు సర్టిఫికెట్లు దిద్దేవాళ్ళ పేరు మీద.

ఆటల కోసం యుద్ధాలన్నీ ఆపేసేవాళ్ళన్నదీ అంతే. వచ్చీపోయే వాళ్ళకి దారిలో రక్షణ, ఒలింపియా మీద దాడి చెయ్యకూడదు, ఒప్పందం అంతవరకే. అదీ క్రీ.పూ. 364లో తప్పింది, ఆటలు జరుగుతుండగా గుడి ఆవరణలోనే కొట్టుకున్నారు.

అపోహ: శాస్త్రీయమైన ట్రైనింగ్ ఈ కాలంలోనే వచ్చింది, అప్పుడంతా మొరటు బలమే.

క్రోటోన్ ఊరి కుస్తీవీరుడు మైలో కథ వినే ఉంటారు, రోజూ దూడని భుజాన వేసుకుని నడిచేవాడు, అది ఎద్దయ్యేదాకా. కథ సంగతి ఎలా ఉన్నా బరువు మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలనే లెక్క అందులోనే ఉంది. అసలు చెప్పాల్సింది ఫిలోస్ట్రాటస్ అనే గ్రీకు రచయిత కసరత్తు మీద రాసిన పుస్తకం గురించి, అది కోచ్‌లందరూ చదవాలి. అప్పటి ట్రైనర్లకి నాలుగు రోజుల షెడ్యూల్ ఉండేది, మొదటి రోజు ఒంటిని సిద్ధం చెయ్యడం, రెండో రోజు గట్టిగా, మూడో రోజు విశ్రాంతి, నాలుగో రోజు మధ్యస్థంగా. వినడానికి మన ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచ్‌లు చార్టులో గీసినట్టే ఉంది కదా? కానీ ఫిలోస్ట్రాటస్ ఆ షెడ్యూల్‌ని తిట్టాడు. గెరెనోస్ అనే కుస్తీవీరుడు ఒలింపియాలో గెలిచాక తాగి, మర్నాడు ఒంట్లో బాలేదని ట్రైనర్‌తో చెప్పుకుంటే, ఆయన షెడ్యూల్ షెడ్యూలే అని కోప్పడి కసరత్తు చేయించాడు, గెరెనోస్ అది చేస్తూనే చచ్చిపోయాడు.

మన సుశ్రుతుడు అయితే చార్టు జోలికే పోలేదు. బలంలో సగం వాడే వరకే వ్యాయామం చెయ్యమన్నాడు, సగం అయిందని తెలిసేది ఎలాగంటే ఊపిరి నోట్లోంచి రావడం మొదలైనప్పుడు. వాచీ అక్కర్లేదు, విజిల్ అక్కర్లేదు.

నేనూ ఒకసారి ఆ గెరెనోస్ ట్రైనర్ పనే చేశా. జోన్ మీట్ దగ్గర పడిందని, జ్వరం తగ్గి రెండ్రోజులైనా కాని పిల్లాడిని 800 మీటర్లు పరిగెత్తించా, రెండో రౌండ్లో కళ్ళు తిరిగి పడ్డాడు. గ్లూకోజ్ నీళ్ళు తాగించి, వేపచెట్టు కింద గంటసేపు వాడి పక్కనే కూర్చున్నా. అప్పట్నుంచి రెండు రౌండ్లు అవ్వగానే "నోటితో ఊపిరి తీస్తున్నవాళ్ళు చెయ్యెత్తండ్రా" అంటా. సగం మంది దొంగ చేతులే.