యుద్ధంలో పోయినవాళ్ల కోసం పాట: పిల్లలకు ఉత్తరం

కర్నూలు

చిరంజీవులకు దీవెనలు.

మీ బడి హాల్లో ఇంగ్లండు స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ కట్టిన పాట 'వార్ రిక్వియమ్' రికార్డింగు పెడుతున్నారట. ఆ తర్వాత చివరి ముక్క మీరే పాడి చూస్తారట. "తెలియని భాషలో గంటన్నర ఎట్ల కూర్చోవాలబ్బా?" అని మీలో ఒకరు అడిగారు. అడగాల్సిన మాటే.

మొహర్రం నెలలో పీర్ల గుండం చుట్టూ పాడే పాటలు మీరు విన్నవే. 680లో కర్బలాలో హుసేనూ ఆయన వెంట నిలిచినవాళ్లూ చనిపోయారు. వాళ్ల కోసం మన సీమ పల్లెల్లో హిందువులూ ముస్లిములూ కలిసి ఇంకా పాడుతూనే ఉన్నారు. ప్రతి మాటకూ అర్థం తెలిసే వింటున్నామా? గుంపు గొంతు మారితే మనకు తెలిసిపోతుంది. ఇదీ అట్లాంటి పాటే, కాకపోతే కట్టుబడి వేరు.

1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ విమానాలు ఇంగ్లండులోని కోవెంట్రీ ఊరి మీద బాంబులు వేశాయి. పాత కెథీడ్రల్‌లో, అంటే ఆ ఊరి పెద్ద చర్చిలో, బయటి గోడలూ గోపురమూ మాత్రమే మిగిలాయి. ఆ గోడలను అట్లనే ఉంచి, పక్కనే కొత్తది కట్టారు. దాని ప్రతిష్ఠ వేడుకల్లో 1962 మే 30న ఈ పాట మొదటిసారి వినిపించింది. బ్రిటెన్ యుద్ధమే వద్దనే మనిషి. అందుకే విజయగీతం రాయలేదు. చనిపోయినవారి కోసం చర్చిలో చదివే లాటిన్ ప్రార్థనను తీసుకుని, దాని మధ్యమధ్యలో విల్ఫ్రెడ్ ఓవెన్ కవితలు తొమ్మిది ఇరికించాడు. ఓవెన్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడు. 1918 నవంబర్ 4న, యుద్ధం ఆగడానికి సరిగ్గా వారం ముందు, ఇరవై అయిదేళ్లకే చనిపోయాడు.

వినేటప్పుడు మూడు గుంపులను విడివిడిగా పట్టుకోండి. పెద్ద ఆర్కెస్ట్రా, పెద్ద కోరస్, ఒక సోప్రానో (పై స్థాయి గొంతు) గాయని: వీళ్లది లాటిన్ ప్రార్థన. పన్నెండు మంది వాద్యకారుల చిన్న జట్టు, దాంతో ఇద్దరు మగ గాయకులు: వీళ్లు సైనికులు, పాడేది ఓవెన్ ఇంగ్లీషు. మూడోది మగపిల్లల గుంపు, చిన్న ఆర్గన్‌తో, ఎక్కడో దూరంగా. గుడిలో మంత్రం ఒకవైపు, వాకిట్లో శవం ఒకవైపు ఉన్నట్టు ఈ గుంపులు ఒకదాన్నొకటి పట్టించుకోవు. అన్నీ కలిసేది ఆఖరిదైన ఆరో భాగం చివర్లోనే. అంతవరకూ అవి కలవకపోవడమే ఇందులో అసలు సంగతి.

మూడో భాగం దగ్గర బాగా చెవి పెట్టండి. బక్రీదు కథ మీకు తెలుసు కదా, దేవుడి మాట మీద తండ్రి కొడుకును బలివ్వబోతాడు, చివరికి పొట్టేలు దొరుకుతుంది. బైబిల్లో అది అబ్రహాము, ఇస్సాకుల కథ. కోరస్ లాటిన్‌లో అబ్రహాముకు దేవుడిచ్చిన వాగ్దానం పాడుతుంది. ఓవెన్ మాత్రం కథ ముగింపు మార్చేశాడు. ముసలాయన పొట్టేలును కాదని కొడుకునే చంపుతాడు, ఆ వెంటే యూరప్ బిడ్డల్లో సగం మందిని, ఒక్కొక్కరిగా. అదే సమయంలో దూరం నుంచి పిల్లలు బలి ప్రార్థన పాడుతుంటారు. ఈ ముక్కకు తెలుగు సారాంశం కాగితం మీద ముందే పంచండి. మిగతా వాటికి రెండేసి వరుసలు చాలు.

తాళం తెలిసినవాళ్లకు ఒక చిన్న లాభముంది. రెండో భాగంలో కోరస్ ఏడు లెక్కల మీద తడబడుతూ నడుస్తుంది. ఐదో భాగం ఐదు లెక్కల మీద. మన మిశ్రచాపు, ఖండచాపు అలవాటైన చేతికి ఆ లెక్కలు తొందరగానే చిక్కుతాయి.

ఇక మీరు పాడే సంగతి. హార్మోనియంలో రెండు నల్ల మెట్ల జతకు ఎడమ పక్కనున్న తెల్ల మెట్టును 'స' అనుకోండి. మూడు నల్ల మెట్లలో మొదటిది ప్రతిమధ్యమం. పాటంతా గంటలు మోగేది ఈ రెండు స్వరాల మీదనే. కల్యాణి రాగంలో ప్రతిమధ్యమం పక్కనే పంచమం ఉంటుంది, ఆనుకోవడానికి గోడలాగా. ఇక్కడ ఆ గోడ లేదు, స్వరం గాల్లో వేలాడుతుంటుంది. ఒకటో, రెండో, ఆరో భాగాల చివర వాద్యాలన్నీ ఆగిపోతాయి. గంటలు మాత్రం మధ్యమధ్యలో మోగుతుంటే, కోరస్ మెల్లగా ఆ ముడి విప్పుతుంది.

దాన్ని సులువు చేసి పదహారు మందితో పాడొచ్చు. ఎనిమిది మంది 'స' పట్టాలి, ఎనిమిది మంది ప్రతిమధ్యమం. చివరి 'ఆమెన్' దగ్గర 'స' వాళ్లు కదలరు. రెండో జట్టులో నలుగురు ఒక్క మెట్టు దిగి శుద్ధమధ్యమానికి, తక్కిన నలుగురు మూడు మెట్లు పైకెక్కి చతుశ్రుతి ధైవతానికి పోవాలి.

ఇందులో చెడేవి నాలుగున్నాయి. ప్రతిమధ్యమం వాళ్లకు అలవాటు కొద్దీ గొంతు పంచమం వైపు ఎక్కుతుంది, లేదా 'స' వింటూ కిందికి జారుతుంది. ముందే జారిపోతే చివర్లో దిగడానికి మెట్టే మిగలదు, ముడి విడినట్టే తెలియదు. అందుకే ఆ జట్టుకు వేరే గదిలో సాధన చేయించి, తర్వాత కలపండి.

రెండోది శ్రుతి. తోడు వాద్యం లేకుండా నెమ్మదిగా పాడే గుంపు దిగిపోతుంది, ముఖ్యంగా ఊపిరి అయిపోయే చోట. ఇద్దరు పక్కపక్కన ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. పాట అయ్యాక హార్మోనియం మెట్టు నొక్కితే ఎంత దిగారో దొరికిపోతుంది.

మూడోది మన తెలుగు నాలుక. మాట చివర అచ్చు లేనిదే మనకు తోచదు. లాటిన్ మాట 'ఎటెర్నమ్' కాస్తా 'ఎటెర్నము' అవుతుంది. పెదాలు మూసి 'మ్' దగ్గరే ఆగండి, అందరూ ఒకేసారి.

నాలుగోది దూరం. చిన్నపిల్లల్ని వరండా చివర నిలబెడితే పాట అందంగానే ఉంటుంది, కానీ ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. 34 మీటర్ల దూరమంటే సెకనులో పదో వంతు ఆలస్యం. వాళ్లు చెవితో విని పాడితే, ఆ పాట తిరిగి హాలు చేరేసరికి ఆలస్యం రెండింతలవుతుంది. తాళం చూపే మనిషి చెయ్యి చూసి పాడాలి. కనబడకపోతే తలుపు దగ్గర ఇంకొకరు ఆ చెయ్యినే అనుసరిస్తూ చూపాలి. కోవెంట్రీలో కూడా పెద్ద ఆర్కెస్ట్రాకు ఒకరు, చిన్న జట్టుకు బ్రిటెన్ తానే, ఇద్దరు నిర్దేశకులు నిలబడ్డారు.

రికార్డింగు ఫోన్ స్పీకర్‌లో పెట్టొద్దు, మొదట్లోని మంద్ర స్వరాలు అందులో పలకవు. రెండో భాగంలో బాకాలు గట్టిగా మోగే చోట సౌండు సరిచూసుకుని, ఆ తర్వాత మీట ముట్టకండి. మెల్లగా ఉన్నచోట పెంచుతూ పోతే తర్వాత చెవులు పగులుతాయి. ఫ్యాన్లు ఆపాలి. మన కర్నూలు ఎండలో పగలు ఆ మాటంటే మీ టీచర్లు నన్ను తిడతారు, కాబట్టి రాత్రి ఏడు దాటాక పెట్టుకోండి. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు వద్దు. చివరి 'ఆమెన్' అయ్యాక మనసులో ఇరవై లెక్కపెట్టి, అప్పుడు ఫ్యాన్లు వేయండి.

ఇట్లు,
మీ అబ్బ