అది ‘పెద్ద పిండినల్లి’ కాదండీ! షేడ్‌నెట్ పురుగుల మీద అపోహలు, వాస్తవాలు

రాత్రి తొమ్మిదింటికి విజయవాడ పటమట నుంచి ఫోన్. “మేడం, మందార మీద పిండినల్లి పడింది. మామూలుది కాదండీ, అర అంగుళం ఉంది, గబగబా పాకుతోంది. సాయంత్రం ఒకసారి కొట్టాం, ఇంకా రెండు మిగిలాయి. రేపు డబల్ డోసు కొట్టమంటారా?”

‘గబగబా పాకుతోంది’ అనగానే నాకు విషయం అర్థమైపోయింది. మొక్కకి అతుక్కుని రసం పీల్చే ఆ తెల్లటి పిండినల్లికి అంత ఓపిక ఎక్కడిది? “ఆ రెండిటినీ బతకనివ్వండి, మీకు పుణ్యముంటుంది” అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, “చంపకూడని వాటిని చంపేశానా అండీ?” అన్నారు. మిద్దె మీద నెట్ కట్టుకుని, మొక్కల్ని పిల్లల్లా పెంచుకునే మనిషి. ఆవిడని ఏమనగలను?

గుంటూరులో కూర్చుని నేను చేసే పనే ఇది. జనం అగ్గిపెట్టెల్లో, మందు సీసాల్లో, క్యారీబ్యాగుల్లో తెచ్చిన పురుగులకు పేరు చెప్పడం. ఈ ‘పెద్ద పిండినల్లి’ ఏడాదికి పదిసార్లయినా నా బల్ల మీదకి వస్తుంది. తొమ్మిదిసార్లు చచ్చిపోయే వస్తుంది.

అపోహ: తెలియని పురుగు కనబడితే ముందు మందు కొట్టాలి, పేరు తర్వాత చూసుకోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తగలేసే మాట ఇదే. ఆవిడ చంపింది క్రిప్టోలీమస్ పిల్లల్ని. అది ఒక రకం అక్షింతల పురుగు, దాని తిండే పిండినల్లి. పుట్టిల్లు ఆస్ట్రేలియా, మన దేశానికి 1898లోనే తెచ్చారు. పిల్లదశలో ఒంటి నిండా తెల్లటి మైనపు పోగులు వేలాడుతుంటాయి కాబట్టి అచ్చం పిండినల్లిలాగే కనబడుతుంది. తేడా పట్టడానికి చీపురుపుల్ల చాలు. మెల్లిగా తాకండి. పిండినల్లి ఉన్నచోటే ఉంటుంది, మహా అయితే బద్ధకంగా జరుగుతుంది. ఇది మాత్రం లేచి పరుగెడుతుంది. సైజు కూడా చూడండి. పిండినల్లి మూడు నాలుగు మిల్లీమీటర్లు, ఇది పదమూడు దాకా పెరుగుతుంది. పోగులు కూడా దీనికే పొడుగు.

ఆరుబయట పొలంలో అయితే మందు కొట్టి మిత్రపురుగుల్ని చంపుకున్నా, పక్క చేలోంచి కొన్నయినా మళ్లీ వస్తాయి. నెట్ లోపలికి అవి ఎక్కడి నుంచి వస్తాయి? పిండినల్లి గుడ్లేమో దూదిలాంటి సంచిలో భద్రంగా ఉంటాయి, మందు అక్కడిదాకా పోదు. అవి పొదుగుతాయి, తినేవాడు లేడు, మీ మొక్క వాటికి అత్తారిల్లు. అప్పుడు మళ్లీ కొట్టుకెళ్లి “ఇంకాస్త ఘాటైంది ఇవ్వు” అంటారు. అతను ఇస్తాడు. అతని వ్యాపారం అది, తప్పు పట్టను.

బొప్పాయి పిండినల్లి గుర్తుందా? 2008లో కోయంబత్తూరు వైపు మొదట కనబడి, తోటలకు తోటల్నే తెల్లగా చేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి తెచ్చిన పరాన్నజీవి కందిరీగలు, అంటే పిండినల్లి ఒంట్లోనే గుడ్లు పెట్టేవి, దాన్ని అదుపు చేశాయి. వాటిలో ముఖ్యమైన అసెరోఫాగస్ కంటికి ఆనీ ఆననంత ఉంటుంది. అది మన మిద్దె మీద వాలితే ‘ఏదో దోమ’ అనుకుని దాని మీదా కొట్టేస్తాం.

నేనూ చేశాను లెండి ఈ పని. చదువు అయిన కొత్తలో తెనాలి దగ్గర మా మేనమామ మిరప నారు చూడమన్నారు. ఆకుల కింద సన్నటి దారాలు, దారం చివర గింజలాంటిది. బూజు అని తేల్చేశాను. తెగులు మందు కొట్టించి, ఎలాగూ పంపు ఎత్తాం కదా అని అందులో పురుగుమందు కూడా కలిపించాను. అవి అల్లికరెక్కల పురుగు గుడ్లు. వాటి పిల్లలు మొక్కల రసం పీల్చే పేనుబంకని నమిలేస్తాయి. తర్వాత పేనుబంక పట్టిన నారుని చూపిస్తూ మామయ్య ఒకటే అన్నారు: “నువ్వు చదివింది ఇదేగా అమ్మాయ్!”

అపోహ: ఆకు ముడుచుకుంటే ఒకటే రోగం, ఒకటే మందు.

మిరపలో ఆకు పడవలా పైకి ముడిస్తే తామరపురుగు (త్రిప్స్), కిందికి ముడిస్తే నల్లి (మైట్). మన రైతులు పై ముడత, కింది ముడత అని ఎప్పుడో పేర్లు పెట్టారు, మనమే మరిచిపోయాం. పేరు కలిసినా ఇది పిండినల్లి కాదు. ఈ నల్లి అసలు కీటకమే కాదు, సాలీడు చుట్టం. పెద్ద నల్లికి ఎనిమిది కాళ్లు. దాని మీద సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొడితే దాన్ని తినేవి చస్తాయి, అది పెరుగుతుంది. అందులోనూ పాలిథిన్ కింద పొడి వేడి ఎర్రనల్లికి పండగ.

అపోహ: పూలో నల్లగా కనబడితే నల్ల తామరపురుగే.

ఈ భయాన్ని నేను ఎగతాళి చేయను. 2021లో నల్ల తామరపురుగు మిరప పూలల్లో దిగినప్పుడు ఈ చుట్టుపక్కల రైతులు ఎన్ని ట్యాంకులు కొట్టారో, ఎన్ని తోటలు పీకేశారో కళ్లారా చూశాను. కానీ అదే పూలో ఓరియస్ అనే చిన్న నల్లపురుగు కూడా ఉంటుంది. అది తామరపురుగుల్ని పొడిచి తాగుతుంది. పూలని తెల్ల కాగితం మీద తట్టి, పది రెట్ల లెన్సుతో చూడండి. సన్నగా పుల్లముక్కలా ఉంటే తామరపురుగు. గింజలా వెడల్పుగా, రెక్కల మీద తెల్లటి భాగం కనబడుతూ, గబగబా తిరుగుతుంటే ఓరియస్. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మీద ముసిరే నల్ల ఈగలు వేరే కథ. నీళ్లు తగ్గించండి, సగం పోతాయి.

మిగతావి చకచకా చెబుతా. నెట్ ఉంటే పురుగు రాదన్నది అబద్ధం. నర్సరీ నారుతో వస్తుంది, మీ చొక్కా మీద వస్తుంది, తామరపురుగైతే 40 మెష్ నెట్‌లోంచి, అంటే అంగుళానికి నలభై కన్నాలున్న దాంట్లోంచి కూడా దూరిపోతుంది. చీమలు మొక్కని తినడానికి రాలేదు, పేనుబంక విసర్జించే తీపి కోసం వచ్చాయి. చీమల్ని కాదు, ఆకు కింద చూడండి.

ఫోటో చూసి జాతి పేరు చెప్పమంటారు. తామరపురుగుని స్లైడ్ చేసి మైక్రోస్కోప్ కింద పెట్టాలి, తెల్లదోమకైతే ప్యూపా (రెక్కలు రాకముందు దశ) పెంకు కావాలి. కాబట్టి ఆకు అడుగువైపు, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయండి. పదో పన్నెండో పురుగుల్ని, పెద్దవీ పిల్లవీ కలిపి, చిన్న సీసాలో సర్జికల్ స్పిరిట్ పోసి వేయండి. సెల్లోటేపుకి అంటించి పంపకండి, కాళ్లూ మీసాలూ ఊడిపోతాయి. పంపు మాత్రం జవాబు వచ్చేదాకా ఎత్తకండి.

పటమట ఆవిడ నిన్న మళ్లీ ఫోటో పంపారు, రూపాయి బిళ్ల పెట్టి మరీ. “మేడం, ఈసారి తెల్లదోమ. ఊదినా ఎగరట్లేదు, కొట్టలేదు, మీ కోసం ఆగాను.” పెద్దది చేసి చూశాను. పేనుబంక విడిచిన పొట్టు. ఆ పక్కనే నాలుగు పేనుబంకలు బూరెల్లా ఉబ్బి గోధుమరంగులోకి తిరిగి ఉన్నాయి. వాటి లోపల కందిరీగ పిల్లలు పెరుగుతున్నాయి. “ఆ ఆకు తుంచకండి” అని రాశాను.