ఎర్రగడ్డ దాకా వెళ్లకుండా: కోర్టుల కోసం చేసే మానసిక పరీక్షలు తెర మీదికి వచ్చిన దారి

మహబూబ్‌నగర్ జిల్లా జైల్లోని ఒక విచారణ ఖైదీ వాయిదా రోజున అడిగిన ప్రశ్నకు పొంతన లేని జవాబు చెబుతున్నాడనుకుందాం. ఇతనికి తన మీద ఉన్న కేసు అర్థమవుతోందా అన్న అనుమానం మెజిస్ట్రేటుకు కలిగితే ముందు ప్రభుత్వ వైద్యుడు పరీక్షిస్తాడు. అంతకు మించి నిపుణులు చూడాలంటే చాలా కాలం పాటు దారి ఎర్రగడ్డకే. నిజాం కాలంలో జాల్నాలో నడిచిన మానసిక చికిత్సాలయం 1953లో అక్కడికి మారింది. మహబూబ్‌నగర్ నుంచి గానీ నల్లగొండ నుంచి గానీ హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. గద్వాల నుంచి అయితే దాదాపు రెట్టింపు. ఎస్కార్టుకు పోలీసులు దొరకాలి, ఎన్నికల బందోబస్తో జాతరో అడ్డు రాకూడదు. కుదరకపోతే మరో వాయిదా. బెయిలుకు జామీను ఇచ్చేవారు లేని మనిషికి ఆ వాయిదా అంటే జైల్లో మరికొన్ని వారాలు.

ఆ పరీక్షను వీడియోలోనే చేసేస్తే బాగుంటుందన్న ఆలోచన ఇక్కడివారికి సహజంగానే నచ్చుతుంది. దాన్ని తోసిపుచ్చడం తప్పు. అయితే తెర మీద ఏది చేయవచ్చో ఏది చేయకూడదో తేల్చాలంటే, ఈ పరీక్షలూ ఈ కెమెరాలూ ఎంత వేర్వేరు అవసరాల కోసం పుట్టాయో తెలియాలి.

కోర్టు అడిగే ప్రశ్నలు ప్రధానంగా రెండు. నేరం జరిగిన క్షణంలో తాను చేస్తున్నదేమిటో, అది తప్పని అతనికి తెలిసే స్థితి ఉందా అన్నది మొదటిది. లండన్‌లో 1843 నాటి మెక్‌నాటన్ కేసు నుంచి పుట్టిన ఈ సూత్రం 1860లో భారత శిక్షాస్మృతి 84వ సెక్షన్ అయింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్‌లో ఉంది. రెండోది ఇవాళ్టి సంగతి: విచారణను అర్థం చేసుకుని, న్యాయవాదితో మాట్లాడి, తనను తాను కాపాడుకోగలడా? పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 328వ సెక్షన్, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 367. ఈ రెండో ప్రశ్నకు ఎదుటి మనిషితో మాట్లాడి కొంతవరకు జవాబు రాబట్టవచ్చు, తెర మీదైనా సరే. మొదటి ప్రశ్నకు అది చాలదు. నేరం జరిగిన రోజుకు ముందూ వెనుకా అతను ఎలా ఉన్నాడో ఇంటివాళ్లు చెప్పాలి, పాత మందుల చీటీలు చూడాలి, ఊళ్లో వాకబు చేయాలి. కీలకమైనది నేరం జరిగిన సమయంలోని మానసిక స్థితేనని దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు 1964లోనే చెప్పింది.

ఇక కెమెరా కథ. అమెరికాలోని నెబ్రాస్కాలో 1959లోనే మానసిక వైద్యులు క్లోజ్డ్ సర్క్యూట్ టెలివిజన్‌ను వాడారు. 1964లో అక్కడి వైద్య సంస్థను 112 మైళ్ల దూరంలోని నార్‌ఫోక్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రితో కలిపారు. మొదలైంది చికిత్స కోసం, శిక్షణ కోసం. మన దేశంలో వీడియో కోర్టుల ద్వారా వచ్చింది. సాక్ష్యాన్ని వీడియో ద్వారా నమోదు చేయవచ్చని ప్రఫుల్ దేశాయ్ కేసులో 2003లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత 2008లో ఆమోదం పొంది 2009 డిసెంబరు 31న అమల్లోకి వచ్చిన ప్రొసీజర్ కోడ్ సవరణలో రెండు మార్పులు ఉన్నాయి. రిమాండు పొడిగింపుకు ఖైదీని వీడియోలో హాజరుపరచవచ్చన్నది ఒకటి. మతిస్థిమితం లేదని సివిల్ సర్జన్ గుర్తించిన నిందితుణ్ని మానసిక వైద్యుడి దగ్గరకో క్లినికల్ సైకాలజిస్టు (మానసిక స్థితిని పరీక్షలతో అంచనా వేసే నిపుణుడు) దగ్గరకో పంపాలన్నది రెండోది. ఒకే చట్టంలో పక్కపక్కన ఉన్నా ఈ రెండింటినీ ఎవరూ కలిపి ఆలోచించలేదు. కెమెరా కొనుక్కొచ్చి జైల్లో బిగించడం సులువు. క్లినికల్ సైకాలజిస్టును జిల్లాకు తేవడం అంత సులువు కాదు.

కరోనా వచ్చాక వేగం పెరిగింది. 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు వీడియో విచారణలకు ఆదేశాలిచ్చింది. దూరం నుంచి మానసిక చికిత్స ఎలా చేయాలో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కూడా అదే ఏడాది మార్గదర్శకాలు సిద్ధం చేసింది. 2022 అక్టోబరు 10న 14416 నంబరుతో మానసిక సమస్యలకు ఫోనులో సాయం అందించే టెలీ మానస్ మొదలైంది. ఇవన్నీ ప్రజలకు మేలు చేసినవే. కానీ ఇవి విచారణ కోసమో వైద్యం కోసమో వచ్చినవి. వైద్యంలో ఒక అంచనా తప్పితే వచ్చే వారం సరిదిద్దుకోవచ్చు. కోర్టుకు ఇచ్చిన నివేదిక సాక్ష్యమవుతుంది, దాని మీద ఒక మనిషి స్వేచ్ఛ ఆధారపడుతుంది.

తెర మీద సంభాషణ ఫర్వాలేదని చెప్పడానికి ఆధారాలు లేకపోలేదు. విచారణను అర్థం చేసుకుని ఎదుర్కొనే సామర్థ్యాన్ని ముఖాముఖీగానూ వీడియోలోనూ అంచనా వేసి పోల్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, 2007లో, రెండింటి ఫలితాలూ బాగానే కలిశాయి. కానీ మాట వేరు, పరీక్ష సాధనం వేరు. ఎదురెదురుగా కూర్చుని చేయడానికి తయారైన పరీక్షను తెర మీద వాడేటప్పుడు వచ్చే తేడాలను దృష్టిలో పెట్టుకోవాలని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2013 మార్గదర్శకాల్లోనే హెచ్చరించింది. అంకెలు చదివి వెంటనే తిరిగి చెప్పమనే పరీక్షలో నెట్‌వర్కు ఒక్క అంకెను మింగితే మార్కు పోయేది ఖైదీకి. చెక్కలు పేర్చే పరీక్షకు ఆ చెక్కలు అవతలి గదిలో ఉండాలి, వాటిని సరిగ్గా అమర్చే మనిషీ ఉండాలి. తెలియనట్టు నటిస్తున్నారా అని పట్టుకునే పరీక్షలైతే గోప్యంగా ఉన్నంత వరకే పనికొస్తాయి. ఆ పరీక్షల్లోని బొమ్మలు తెర మీద పెట్టాక వాటిని ఎవరు ఫొటో తీశారో పరీక్షించేవారికి తెలియదు.

జైలు గది గురించి ఇంకొంచెం చెప్పాలి. ఖైదీ ఏ తెర ముందు కూర్చుని రిమాండు పొడిగింపు కోసం మెజిస్ట్రేటును చూస్తాడో, సైకాలజిస్టు కూడా అదే తెర మీద కనిపించే వీలుంది. అదే కుర్చీ, పక్కన అదే గార్డు. అతనికి తెర మీద కనిపించే ప్రతి ఒక్కరూ ‘సార్’. ఈ సార్ జడ్జి కాదని, తనకు వైద్యం చేసే డాక్టరూ కాదని, తాను చెప్పింది కోర్టుకు వెళ్తుందని, చెప్పకుండా ఉండే హక్కు ఉందని అతనికి ఎలా తెలుస్తుంది? నార్కో, పాలీగ్రాఫ్ లాంటి పరీక్షలను ఇష్టం లేకుండా చేయరాదని సెల్వి కేసులో 2010 మే 5న సుప్రీంకోర్టు చెప్పింది. ప్రశ్నపత్రంతో చేసే పరీక్ష వాటిలాంటిది కాకపోయినా, సమ్మతి తీసుకోవడంలో అంతే శ్రద్ధ ఉండాలని నేను నమ్ముతున్నాను. గార్డు వింటుండగా ‘సరే సార్’ అనడం సమ్మతి కాదు.

కల్లు సంగతి మన జిల్లాల్లో ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారన్నది ఇక్కడ పాత సంగతే. రోజూ తాగే మనిషి అరెస్టయితే ఆ మత్తు ఒక్కసారిగా ఆగుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, నిద్రలేమి, లేనివి కనిపించడం, కొందరికి మూర్ఛలు. కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు, 2015లో, ఇలాంటి లక్షణాలతో మహబూబ్‌నగర్, నిజామాబాద్ ప్రాంతాల జనం ఆసుపత్రులకు పరుగులు తీశారు. ఆ స్థితిలో ఉన్న ఖైదీని తెర మీద భుజాల వరకే చూసేవారికి వేళ్ల వణుకు కనిపించదు, నడక కనిపించదు, చెమట తెలియదు. మాటల గందరగోళం మాత్రమే వినిపిస్తుంది. దాన్ని మానసిక రోగం అని రాసినా, నటన అని రాసినా అన్యాయమే. అరెస్టయిన తొలి రోజుల్లో దూరం నుంచి జ్ఞాపకశక్తి పరీక్షలు చేయడానికి అనుమతించకూడదు.

తర్వాత చదువు, భాష. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత దాదాపు 55 శాతం. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో సగం కన్నా తక్కువ. ఇంగ్లిషు అక్షరాలను వెనక నుంచి చెప్పమని అడిగే పరీక్షను ఇక్కడ వాడితే కొలిచేది బడిని, బుద్ధిని కాదు. చదువు రానివారికి వేరే కొలతలు కావాలని పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. భారత వైద్య పరిశోధన మండలి తయారు చేయించిన మేధాశక్తి పరీక్షల్లో తెలుగు కూడా ఉంది. అయినా దేవరకొండ తండాల్లో పెరిగిన మనిషికి మనసులో మాట లంబాడీలో వస్తుంది. నారాయణపేటలో కన్నడ మాట్లాడే కుటుంబాలున్నాయి, పాలమూరు పట్టణంలో ఉర్దూ ఉంది. ఇంగ్లిషు మాసం పేరు తప్పినా ఏ కార్తె నడుస్తోందో ఠక్కున చెప్పే రైతుకు కాలం తెలియదని రాయగలమా? దుబాసీని మూడో తెర మీద కూర్చోబెడితే ప్రశ్న ఎక్కడ మారిందో పట్టుకోవడం కష్టం.

బాలల విషయంలో ఇది ఇంకా సున్నితం. 2015 బాల న్యాయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారి మీద హేయమైన నేరారోపణ ఉంటే, వారి మానసిక, శారీరక సామర్థ్యాన్ని బోర్డు ముందుగా అంచనా వేయాలి. బోర్డు సభ్యుల్లో బాలల మనస్తత్వం చదివినవారు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. గడువు మూడు నెలలు, జిల్లాలో నిపుణులు తక్కువ. వీడియోతో గట్టెక్కుదామన్న ఒత్తిడి సహజంగానే వస్తుంది. అయినా పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్న నిర్ణయం ఒక పిల్లవాడి గురించి తీసుకునేటప్పుడు, అతన్ని ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని చూడకపోవడం నాకు సమ్మతం కాదు.

దారి లేదని కాదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వైద్య కళాశాల అంటే మానసిక వైద్య విభాగం ఉండాల్సిందే. తెరకు ఇవతలి కొసను జైలు నుంచి తీసి ఆ విభాగంలో పెట్టాలి. తొలి పరీక్ష, మత్తు లక్షణాల పరిశీలన, కాగితం మీద చేసే పరీక్షలు అక్కడ ముఖాముఖీగా జరగాలి. హైదరాబాద్ నిపుణులు అదే గదిలోకి వీడియోలో వచ్చి మాట్లాడవచ్చు. ఇంటివాళ్లను వారి ఊరి నుంచే ఫోనులో కలపవచ్చు, నిజానికి ఎర్రగడ్డ ప్రయాణం కన్నా ఇది వారికి ఎంతో మేలు. నివేదిక మొదటి పేజీలోనే పరీక్ష ఎక్కడ జరిగిందో, గదిలో ఎవరున్నారో, ఏ భాషలో మాట్లాడారో, ఎంత భాగం తెర మీద చేశారో, లైను ఎన్నిసార్లు తెగిందో రాయాలి. నిందితుడి న్యాయవాది ఆ పేజీని పట్టుకుని నిపుణుణ్ని క్రాస్ ఎగ్జామిన్ చేయగలగాలి.