పిల్లల్లో లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) తిరగబెడితే: అపోహలు – వాస్తవాలు

అపోహ: పెట్ స్కాన్‌లో మెరిసిందంటే జబ్బు తిరగబెట్టినట్టే.

వాస్తవం: స్కాన్ చూపేది చక్కెరను ఎక్కువగా లాగే కణాలను. టీబీతో ఉబ్బిన లింఫు గ్రంథి (బిళ్ల) కూడా అలాగే లాగుతుంది. కీమో ముగిశాక పిల్లల్లో రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథి మళ్లీ ఉబ్బి మెరుస్తుంది, అది జబ్బే కాదు. అందుకే ముక్క తీసి పరీక్షించందే (బయాప్సీ) మందు మొదలుపెట్టకూడదు. సన్నసూది పరీక్ష చాలదు: హాడ్జ్‌కిన్ అనే రకం లింఫోమా గడ్డలో అసలు క్యాన్సర్ కణాలు నూటికి ఒకటి రెండుకు మించి ఉండకపోవచ్చు, సూదికి దొరకవు. వీలైతే బిళ్ల మొత్తం తీయించాలి. అందులో కొంత టీబీ కల్చర్‌కి (క్రిములను పెంచి చూసే పరీక్షకి) విడిగా, సెలైన్‌లో పంపాలి. హడావుడిలో మొత్తం ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రావణంలో) వేసేస్తే కల్చర్ ఇక పెరగదు. ఈలోపు వాపు తగ్గాలని స్టెరాయిడ్ ఇస్తే గడ్డ కరిగి, రిపోర్టు ఎటూ తేలకుండా వస్తుంది.

అపోహ: తిరగబెట్టాక చేసేదేమీ ఉండదు.

వాస్తవం: ఏ లింఫోమా, ఎన్నాళ్లకు వచ్చింది? ముందు ఈ రెండూ తేలాలి. హాడ్జ్‌కిన్ చికిత్స ముగిసి ఏడాది దాటాక వస్తే బాగానే లొంగుతుంది. మూడు నెలల్లోపే వస్తే మొండిది. బర్కిట్ అనే మరో రకం లింఫోమా మాత్రం తిరగబెడితే నయం చేయడం చాలా కష్టం, ఆ సంగతి తల్లిదండ్రుల దగ్గర దాచకూడదు.

అపోహ: మూలకణాల మార్పిడికి దాతను వెతకాలి.

వాస్తవం: హాడ్జ్‌కిన్‌లో ఎక్కువగా వాడేది బిడ్డ సొంత కణాలే. ముందు రెండు మూడు విడతల కీమోతో జబ్బును అణచాలి. తర్వాత మూలకణాలను ఎముక మజ్జ నుంచి రక్తంలోకి రప్పించే జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు రోజుకు కిలో బరువుకు 10 మైక్రోగ్రాముల చొప్పున నాలుగైదు రోజులు ఇచ్చి, రక్తంలోకి వచ్చిన మూలకణాలను యంత్రంతో వేరుచేస్తారు. కిలో బరువుకు కనీసం 20 లక్షల సీడీ34 కణాలు (సీడీ34 అనే గుర్తుతో లెక్కించే మూలకణాలు) కావాలి. యంత్రంలో రక్తం గడ్డకట్టకుండా వాడే సిట్రేట్ వల్ల కాల్షియం పడిపోతుంది, పెదాలు తిమ్మిరిగా ఉన్నాయని బిడ్డ అంటే వెంటనే నర్సుకు చెప్పాలి. పెద్ద మోతాదు కీమో ఇచ్చాక, నిల్వ చేసిన ఆ కణాలు తిరిగి ఎక్కించిన రోజు గదంతా వెల్లుల్లి వాసన వేస్తుంది. అది నిల్వ ద్రావణంది, కంగారొద్దు. అన్నట్టు, మార్పిడి అందరికీ అక్కర్లేదు. ఆలస్యంగా, ఒక్కచోటే వస్తే కొందరికి కీమో, రేడియేషన్ సరిపోతాయి.

అపోహ: కొత్త మందును పాత కీమోకి కలిపేస్తే రెట్టింపు బలం.

వాస్తవం: బ్రెంటుక్సిమాబ్ అనే కొత్త మందును బ్లియోమైసిన్ అనే పాత కీమో మందుతో కలపకూడదు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

అపోహ: వీర్యం భద్రపరచడం తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: కీమో వీర్యాన్ని దెబ్బతీయొచ్చు కాబట్టి ఈ విడత కీమో మొదలుకాకముందే చేయాలి, ఒకట్రెండు రోజుల పని. ఈడొచ్చిన అబ్బాయిని అమ్మానాన్నల ఎదుట అడిగితే తలొంచుకుంటాడు. విడిగా అడగాలి.