వింగ్డ్ లూస్‌స్ట్రైఫ్: తడి నేలలో పెరిగే ఊదా పూల మొక్క

లూస్‌స్ట్రైఫ్ పేరు చెబితే అమెరికాలో చిత్తడి నేలల్ని కాపాడేవాళ్లు ముఖం చిట్లిస్తారు. 1800ల తొలినాళ్లలో ఐరోపా నుంచి పర్పుల్ లూస్‌స్ట్రైఫ్ అక్కడికి చేరింది. ఓడల్లో బరువు కోసం నింపిన మట్టితో కొంత, తోట మొక్కగా కొంత వచ్చింది. బాగా ఎదిగిన ఒక్క మొక్క ఏడాదికి 20 లక్షలకు పైగా గింజలు రాల్చగలదు. అది కమ్ముకున్న చోట తుంగజాతి గడ్డీ, స్థానిక మొక్కలూ బతకలేవు. అందుకే చాలా రాష్ట్రాల్లో దాన్ని అమ్మడం, నాటడం నిషేధించారు.

ఆ చెడ్డపేరు ఏ పాపమూ ఎరుగని దాని బంధువుకూ అంటుకుంది. వింగ్డ్ లూస్‌స్ట్రైఫ్ (లిథ్రమ్ అలాటమ్) అమెరికా తూర్పు, మధ్య ప్రాంతాల తడి ప్రెయిరీల్లో, అంటే గడ్డి మైదానాల్లో, పుట్టి పెరిగిన మొక్క. ఇల్లినాయ్, ఒహాయో, మిషిగన్‌లలో ఇల్లున్న తెలుగువాళ్లు చూరు నీళ్లు చేరే పల్లపు మూలలో దీన్ని నిశ్చింతగా పెంచుకోవచ్చు. మన గోరింట, దానిమ్మ దీని కుటుంబంవే. దానిమ్మ పువ్వు రేకుల్లో కనిపించే ముడతలే దీని ఆరు రేకుల్లోనూ కనిపిస్తాయి.

పెంచే ముందు గుర్తుపట్టడం నేర్చుకోవాలి. వింగ్డ్ రకం సాధారణంగా ఒకటి నుంచి మూడడుగుల ఎత్తు ఉంటుంది. కాండం నున్నగా, పలకలుగా, అంచుల్లో సన్నని రెక్కలతో ఉంటుంది. ఆకు మొదట్లో ఒకటో రెండో పూలు విడివిడిగా పూస్తాయి. పర్పుల్ రకం ఆరేడడుగుల దాకా పోతుంది, కాండం మీద తరచుగా నూగు ఉంటుంది, పూలు గుత్తులుగా కిక్కిరిసి పొడవాటి కంకి కడతాయి. గొడ్డు రకాలని చెప్పి అమ్మిన తోట రకాలను కూడా నమ్మకూడదు. దగ్గర్లో మరో లూస్‌స్ట్రైఫ్ పుప్పొడి దొరికితే అవీ గింజ కడతాయని తేలింది. గింజల పొట్లం మీద శాస్త్రీయ నామం లేకపోతే కొనవద్దు.

గింజలు ధూళిలా ఉంటాయి. వాటికి చలి కావాలి, మొలకెత్తేటప్పుడు వెలుతురూ కావాలి. చిటికెడు గింజల్ని పిడికెడు తడి ఇసుకలో కలిపి, జిప్ సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర 60 రోజులు ఉంచండి. ఇసుక పిండితే నీరు కారకూడదు. తర్వాత ట్రేలో తడిపిన మొలక మట్టి మీద ఆ ఇసుకను పలచగా చల్లి, అరచేత్తో అద్ది వదిలేయండి. పైన మట్టి కప్పితే మొలవవు. ఎక్కువమంది విఫలమయ్యేది ఇక్కడే. పైనుంచి నీళ్లు పోస్తే గింజలు ఒక మూలకు కొట్టుకుపోతాయి, కాబట్టి ట్రేని నీళ్ల పళ్లెంలో పెట్టి కిందనుంచి పీల్చుకోనివ్వండి. 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ వేడి చాలు. ట్రే మీద మూత పెట్టి ఉంటే మొలకలు కనపడగానే తీసేయాలి. గాలి ఆడకపోతే బూజు పట్టి కాడ మొదట్లోనే కుళ్లి పడిపోతాయి. ఫ్రిజ్ తంటా వద్దనుకుంటే నవంబరులో కలుపు తీసిన తడి నేల మీద చల్లండి, చలికాలమే ఆ పని చేస్తుంది.

రెండు మూడు జతల ఆకులు వచ్చాక మూడంగుళాల కుండీల్లోకి మార్చి, ఆఖరి మంచు పోయాక అడుగు నుంచి అడుగున్నర ఎడంలో నాటాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ ఉండాలి. బంకమట్టి అయినా ఇసుక నేల అయినా ఫరవాలేదు, తడి మాత్రం ఆరకూడదు. నాలుగు రోజులు నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది గానీ, ఎప్పుడూ లోతుగా నీళ్లుండే చోట నాటకూడదు. మొదటి ఏడాది వేరు పట్టడంతోనే సరిపోతుంది. పూత సాధారణంగా రెండో ఏడాది జూన్ నుంచి మొదలవుతుంది. తుమ్మెదలు, సీతాకోకచిలుకలు దీన్ని వదలవు.

ఎరువు వేయవద్దు. బలం ఎక్కువైతే కాండాలు సాగి వాలిపోతాయి. కింది ఆకులు పసుపుబారి రాలుతుంటే చాలాసార్లు కారణం నీటి ఎద్దడే, ముందు మట్టి తడి చూడండి. చెక్కముక్కల మల్చ్ మందంగా పరిస్తే రాలిన గింజ వెలుతురు అందక మొలవదు. జో పై వీడ్ వంటి ఎత్తైన మొక్కలు, రెల్లులా గుబురు కట్టే క్యాట్‌టెయిల్ పక్కనుంటే నీడలో సన్నబడి క్రమంగా కనుమరుగవుతుంది. పొట్టి తుంగలు, మౌంటెన్ మింట్ దీనికి మంచి తోడు.

జూన్‌లో లేత కొమ్మ కత్తిరించి తడి ఇసుకలో గుచ్చినా వేరు వస్తుంది. కాకపోతే గింజలు కూడా కావాలనుకుంటే ఇదొక్కటే దారిగా పెట్టుకోకండి. ఈ జాతిలో రెండు రకాల పూలుంటాయి. కొన్ని మొక్కల్లో కీలం (పువ్వు మధ్య ఆడ భాగపు కాడ) పొడుగు, కేసరాలు (పుప్పొడి ఉండే మగ భాగాలు) పొట్టి. మిగతావాటిలో తిరగబడి ఉంటుంది. ఒక రకం పుప్పొడి రెండో రకాన్ని చేరితేనే గింజ బాగా కడుతుంది. ఒకే మొక్క కొమ్మలన్నీ ఒకే రకం గనుక ఎంత పూసినా గింజ దాదాపు రాదు. గింజల నుంచి పెంచిన మొక్కలు నాలుగైదు కలిపి నాటితే రెండు రకాలూ ఉండే అవకాశం ఎక్కువ.